సేఫ్ మోడ్ చరిత్ర: ఎఫ్8 మీట నుంచి వాల్యూమ్ బటన్ దాకా

స్మార్ట్‌ఫోన్ సేఫ్ మోడ్‌లోకి వెళ్లిందనడానికి గుర్తు తెర అడుగున, ఎడమ మూల కనిపించే సేఫ్ మోడ్ అన్న రెండు మాటలు. ఏ పేజీ తెరిచినా అవి అక్కడే ఉంటాయి, వేలితో తోసినా పోవు. ఫోన్‌తో పాటు కంపెనీ ఇచ్చిన ప్రోగ్రాములు మాత్రం నడుస్తుంటాయి: సెట్టింగ్స్, కెమెరా, గ్యాలరీ, మెసేజ్‌లు. ఆ తర్వాత ఎక్కించుకున్న యాప్‌లు లోపల ఉంటాయి గాని ఒక్కటీ తెరుచుకోదు. కొన్ని ఫోన్లలో వాటి బొమ్మలు మసకబారి కనిపిస్తాయి, కొన్నిట్లో అసలు కనిపించవు. హోమ్ స్క్రీన్ మీద పెట్టుకున్న గడియారం, వాతావరణం లాంటి విడ్జెట్లు మాయమవుతాయి. ఇటీవలి ఆండ్రాయిడ్ ఫోన్లు ఈ స్థితిలో లేచేటప్పుడు ఫ్లైట్ మోడ్ కూడా పెట్టేసుకుంటాయి, అందువల్ల ఫోన్ మోగడం కూడా మానేస్తుంది. ఇదంతా చూసి ఫోన్ పాడైపోయిందని కంగారుపడేవాళ్లే ఎక్కువ.

నిజానికి సేఫ్ మోడ్ జబ్బు ఎక్కడుందో కనిపెట్టడానికి ఇంజనీర్లు వదిలిపెట్టిన దారి. బయటి యాప్‌లన్నీ ఆగిపోయాక ఫోన్ చక్కగా నడిస్తే, తప్పు వాటిలో ఏదో ఒకదానిదని తేలుతుంది. అప్పటికీ వేడెక్కుతూ, హ్యాంగ్ అవుతూ ఉంటే, తప్పు ఫోన్‌దే. మెకానిక్ కోసం పుట్టిన ఈ పరీక్ష మామూలు మనిషి చేతికి చేరడానికి ఇరవయ్యేళ్ల దాకా పట్టింది. అందులోంచి బయటపడే పద్ధతి ఫోన్ల తరం మారినప్పుడల్లా మారుతూ వచ్చింది. ఆ ఫోన్ల కథలో కొంత భాగం తమిళనాడు, ఆంధ్ర సరిహద్దులో, కడంబత్తూరు చుట్టుపక్కల నడిచింది.

అదనపు సామగ్రి ఏదీ లేకుండా యంత్రాన్ని కనీస స్థాయిలో లేపి చూడాలన్న ఆలోచన ఫోన్ల కంటే చాలా పాతది. యూనిక్స్ కంప్యూటర్లలో నిర్వాహకుడు ఒక్కడే లోపలికి వెళ్లి మరమ్మతు చేసుకునే స్థితి మొదటి నుంచీ ఉంది. 1991లో యాపిల్ కంపెనీ మెకింటోష్ కోసం తెచ్చిన సిస్టమ్ 7లో, కంప్యూటర్ లేచేటప్పుడు షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుంటే అదనంగా చేర్చిన ప్రోగ్రాములన్నీ పక్కన ఉండిపోయేవి. 1993లో వచ్చిన ఎంఎస్ డాస్ 6లో ఎఫ్5 నొక్కితే మొదట చదవాల్సిన ఫైళ్లను దాటేసి కంప్యూటర్ లేచేది. ఎఫ్8 నొక్కితే ఒక్కొక్క వరుసకూ అనుమతి అడిగేది. ఏ వరుస దగ్గర కంప్యూటర్ ఆగిపోతుందో ఆ వరుసలోనే తప్పు దొరికేది.

1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95 ఈ పద్ధతికి సేఫ్ మోడ్ అన్న పేరును ఇంటింటికీ చేర్చింది. ఎఫ్8 మీటతో వచ్చే జాబితాలో అదొక వరుస. అంతకుముందు కంప్యూటర్ సరిగా లేవలేకపోతే తనంతట తానే సేఫ్ మోడ్‌ను ఎంచుకోమని సూచించేది కూడా. అప్పుడు తెర 16 రంగులకు దిగిపోయేది, బొమ్మలూ అక్షరాలూ లావెక్కేవి, నాలుగు మూలలా సేఫ్ మోడ్ అన్న మాటలు పడేవి. ఆండ్రాయిడ్‌లో ఆ నాలుగింటిలో ఒక్క మూల మిగిలింది. బయటపడాలంటే కంప్యూటర్‌ను మళ్లీ స్టార్ట్ చేయడమే. లోపం సరిచేశాక మామూలుగా లేస్తుంది, సరిచేయకపోతే మళ్లీ మొరాయిస్తుంది. ఫోన్లకూ ఇదే సూత్రం వారసత్వంగా వచ్చింది.

విండోస్ 95 కంటే కొద్ది రోజుల ముందే, 1995 జులై 31న, కలకత్తాలో పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు, ఢిల్లీలో కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్ దేశంలో మొదటి మొబైల్ సంభాషణ జరిపారు. మద్రాసు నగరంలో స్కైసెల్, ఆర్పీజీ కంపెనీలకు లైసెన్సులు దక్కాయి. ఆ రోజుల ఫోన్‌కు సేఫ్ మోడ్ అవసరమే లేదు. అందులో కంపెనీ పెట్టిన ప్రోగ్రాము తప్ప ఇంకోటి చేరే వీలు లేదు. బిగుసుకుపోతే వెనక మూత తీసి, బ్యాటరీ ఊడదీసి, సిమ్ తుడిచి మళ్లీ పెడితే సరిపోయేది. బ్యాటరీ తీసి పెట్టడమన్నది ఆనాటి వైద్యం. దాన్ని ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేకపోయింది.

ఫోన్‌లోకి బయటి ప్రోగ్రాములు రావడం మొదలయ్యాక ఆ నిశ్చింత పోయింది. 2003లో వచ్చిన నోకియా 6600 లాంటి సింబియన్ ఫోన్లు తెలుగు పట్టణాల్లోనూ మోజుగా అమ్ముడుపోయాయి. పాటలు, ఆటలు, థీమ్‌లు బ్లూటూత్‌లో చేతులు మారేవి, వాటితో పాటు పురుగులూ పాకేవి. 2004 జూన్‌లో బయటపడిన కాబిర్, బ్లూటూత్ ద్వారా ఒక ఫోన్ నుంచి పక్క ఫోన్‌కు పాకిన తొలి వైరస్‌లలో పేరుమోసింది. ఫోన్ ఆన్ చేసేటప్పుడు పెన్సిల్ బొమ్మ ఉన్న మీటను నొక్కి పడితే, వాటంతట అవే మొదలయ్యే ప్రోగ్రాములు ఆగేవి. పేరు పెట్టకపోయినా అది సేఫ్ మోడ్ పనే చేసింది. అయితే ఆ కిటుకు తెలిసినవాళ్లు తక్కువ. ఎక్కువమందికి తెలిసింది *#7370# అన్న అంకెల వరుస. అది ఫోన్‌లో ఉన్నదంతా తుడిచేసేది. ఏ ఇబ్బంది వచ్చినా ఫార్మాట్ కొట్టేయడమన్న అలవాటు రిపేరు దుకాణాల్లో అప్పుడే స్థిరపడింది. ఆ అలవాటు వల్ల తర్వాతి తరానికి జరిగిన నష్టం చిన్నది కాదు.

మొదట్లో చెప్పిన కడంబత్తూరు సంగతికి వస్తే, అది తిరువళ్లూరు దాటాక చెన్నై, అరక్కోణం మార్గంలో వచ్చే రైల్వే స్టేషను, తిరువళ్లూరు జిల్లాలో పంచాయతీ యూనియన్ కేంద్రం. 1856లో రాయపురం నుంచి వాలాజా దాకా వేసిన దక్షిణ భారతపు తొలి రైలు మార్గం ఇటుగానే పోయింది. ఇక్కడికి వాయవ్యంగా తిరుత్తణి. 1960 ఏప్రిల్ 1 దాకా అది చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆ రోజున సరిహద్దుల మార్పు చట్టం అమల్లోకి వచ్చి తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి, చెంగల్పట్టు జిల్లాలో ఉన్న సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు మారాయి. గీత మారినా ఊళ్ల భాషలు మారలేదు. తిరుత్తణి, పళ్లిపట్టు వైపు ఇళ్లలో తెలుగు మాట్లాడే కుటుంబాలు నేటికీ చాలా ఉన్నాయి. ఈ గీతకు రెండు వైపులా, యాభై ఏళ్లు తిరిగేసరికి ఫోన్ల ఫ్యాక్టరీలు వెలిశాయి.

మొదటిది దక్షిణాన శ్రీపెరుంబుదూరులో. తమిళనాడు ప్రభుత్వంతో 2005లో ఒప్పందం చేసుకున్న నోకియా 2006 ఆరంభంలో అక్కడ ఉత్పత్తి మొదలుపెట్టింది. చుట్టూ విడిభాగాల కంపెనీలు చేరాయి. పని చేసినవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల జిల్లాల ఊళ్ల నుంచి వచ్చిన యువతులు. మూడు షిఫ్టులకూ కంపెనీ బస్సులు ఊళ్లమ్మట తిరిగేవి. వ్యవసాయమో, బట్టల మిల్లో తప్ప వేరే జీతం ఎరగని ఇళ్లలో మొదటి నెలజీతం ఒక ఆడపిల్ల తేవడం ఆ ప్రాంతానికి కొత్త. 2007 ఆగస్టులో బీఎల్5సీ బ్యాటరీల్లో 4.6 కోట్ల దాకా వేడెక్కే ప్రమాదం ఉందని నోకియా ప్రకటించినప్పుడు, దేశమంతటా జనం ఫోన్ల మూతలు తీసి బ్యాటరీ మీది నంబర్లు సరిచూసుకున్నారు. ఫోన్‌ను విప్పి లోపలికి చూడటం అంత మామూలు విషయంగా ఉన్న కాలం అది.

పన్ను వివాదంలో చిక్కుకున్న ఆ ఫ్యాక్టరీ, 2014లో నోకియా ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్ కొన్నప్పుడు ఆ బేరంలో చేరలేదు. 2014 నవంబరు 1న ఉత్పత్తి ఆగింది, వేలమంది ఉపాధి పోయింది. ఏడాది తిరక్కుండానే సరిహద్దు గీతకు ఉత్తరాన పని మొదలైంది. 1960లో ఆంధ్రకు వచ్చిన సత్యవేడు వైపున, 2008లో ప్రారంభమైన శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ కంపెనీ షావోమీ ఫోన్లు తయారుచేసింది. ఇక్కడ తయారైన రెడ్‌మీ 2 ప్రైమ్‌ను 2015 ఆగస్టులో విశాఖపట్నంలో విడుదల చేశారు. కీప్యాడ్ ఫోన్లకు కేంద్రమైన చోటు మూతపడి, పక్కనే ఆండ్రాయిడ్ ఫోన్లకు కేంద్రం తెరుచుకోవడం ఆ మధ్యకాలంలో ఫోన్ల లోకమే మారిపోయిందనడానికి నిదర్శనం.

ఆండ్రాయిడ్ తన సేఫ్ మోడ్‌ను మొదటి ఫోన్‌తోనే తెచ్చుకుంది. 2008లో అమెరికాలో వచ్చిన జీ1 ఫోన్‌ను ఆన్ చేసేటప్పుడు మెనూ మీట నొక్కి పట్టుకుంటే అది సేఫ్ మోడ్‌లో లేచేది. ఆండ్రాయిడ్ ప్రోగ్రాము ఎవరైనా చదువుకునేలా బహిరంగంగా ఉంటుంది కాబట్టి ఇందులో రహస్యం లేదు. వ్యవస్థ లేచే సమయంలో కొన్ని మీటలు నొక్కి ఉన్నాయా అని అది చూస్తుంది. తొలి ఏళ్లలో ఆ మీటలు మెనూ, కీబోర్డు మీది ఎస్ అక్షరం, మధ్యలో ఉండే నావిగేషన్ మీట, గుండ్రని ట్రాక్‌బాల్. ఏదైనా ఒకటి నొక్కి ఉంటే చాలు, సేఫ్ మోడే. మన దేశంలోకి 2009లో వచ్చిన హెచ్‌టీసీ మ్యాజిక్‌కూ ట్రాక్‌బాల్ ఉండేది. తర్వాత కీబోర్డులు పోయాయి, ట్రాక్‌బాల్ పోయింది, మెనూ మీట కూడా పోయింది. అన్ని ఫోన్లలోనూ మిగిలినవి పవర్, వాల్యూమ్ బటన్లే. సేఫ్ మోడ్ తలుపు తాళం వాల్యూమ్ తగ్గించే బటన్ చేతికి వచ్చింది.

2012లో జెల్లీబీన్ తరంలో ఇంకో దారి తెరిచారు. పవర్ బటన్ నొక్కితే వచ్చే పెట్టెలో పవర్ ఆఫ్ అన్న మాట మీద వేలు కాసేపు ఉంచితే, సేఫ్ మోడ్‌లో రీస్టార్ట్ చేయమంటారా అని ఫోనే అడుగుతుంది. సరే నొక్కితే వెళ్లిపోతుంది. అదే ఏడాది విండోస్ 8 తన ఎఫ్8 మీటను మామూలుగా పనిచేయకుండా ఆపేసింది. కంప్యూటర్‌లో దారి లోపలికి జరిగిన సంవత్సరమే ఫోన్‌లో అది అందరి ముందుకూ వచ్చింది. ఆండ్రాయిడ్ ఇంజనీర్ల ఉద్దేశం మంచిదే, ఏ మీటలు నొక్కాలో గుర్తుపెట్టుకునే బాధ తప్పించడం. కానీ పిల్లల చేతుల్లో, చొక్కా జేబుల్లో, కళ్లజోడు లేకుండా చూసే పెద్దవాళ్ల వేళ్ల కింద ఫోన్ తెలియకుండా సేఫ్ మోడ్‌లోకి పోవడం అప్పటి నుంచే ఎక్కువైంది.

ఇలా పోయిన ఫోన్‌ను వెనక్కి తేవడం చాలా తేలిక. సేఫ్ మోడ్‌లో లేవమని అడిగినప్పుడు ఫోన్ తన జ్ఞాపకంలో ఒక చిన్న గుర్తు రాసుకుని ఆగిపోతుంది. మళ్లీ లేచేటప్పుడు ఆ గుర్తును చదువుతుంది, చదివిన వెంటనే చెరిపేస్తుంది. అంటే సేఫ్ మోడ్ ఒక్కసారికే. తర్వాతి రీస్టార్ట్‌కు ఆ గుర్తు ఉండదు, ఫోన్ మామూలుగా లేస్తుంది. సామ్‌సంగ్ లాంటి కొన్ని ఫోన్లలో పైనుంచి కిందికి లాగితే వచ్చే నోటిఫికేషన్‌ను తాకినా చాలు, రీస్టార్ట్ అవుతుంది. యాప్‌లు, వాటిలోని సమాచారం ఎక్కడివక్కడే ఉంటాయి. పోయేది విడ్జెట్ల అమరిక మాత్రమే, వాటిని మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు.

రీస్టార్ట్ చేసినా మళ్లీ మళ్లీ సేఫ్ మోడ్‌లోకే వస్తున్న ఫోన్ల సంగతి వేరు. అక్కడ గుర్తు చెరిగిపోయింది, కానీ తలుపు తెరిచే బటన్ నొక్కుకుని ఉండిపోయింది. ప్రతిసారీ లేచేటప్పుడు వాల్యూమ్ తగ్గించే బటన్ నొక్కినట్టే ఫోన్‌కు తోస్తుంది. దీనికి తొలి అనుమానితుడు పౌచ్. రేటు తక్కువ రబ్బరు పౌచ్‌లు నాలుగు నెలలకు పసుపుపచ్చగా మారి, బిగుసుకుని, బటన్ మీద నిరంతరం ఒత్తిడి పెడతాయి. ఫోన్ కిందపడి అంచు సొట్టపోయినా ఇంతే. ఈ తప్పు ఉన్న ఫోన్ తనంతట తానే కొన్ని సూచనలిస్తుంది: వాల్యూమ్ గీత ఎవరూ తాకకుండానే తెర మీదికి వచ్చి సున్నాకు దిగుతుంది, పవర్ బటన్ నొక్కితే స్క్రీన్‌షాట్ పడుతుంది. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 4 నుంచి స్క్రీన్‌షాట్‌కు పవర్, వాల్యూమ్ తగ్గించే బటన్ల జోడీ వాడుకలో ఉంది. కాబట్టి ఆ రెండో బటన్ ఇరుక్కుపోయిందని ఇంతకంటే స్పష్టంగా ఫోన్ చెప్పలేదు.

పౌచ్ తీసినా పోకపోతే సంగతి లోపల ఉన్నట్టు. బయటికి కనిపించే బటన్ ఒక ప్లాస్టిక్ లేదా లోహపు పలక మాత్రమే. దాని వెనక సన్నని పట్టీ మీద, గోరుతో నొక్కితే టిక్కుమనే చిన్న గుండ్రని లోహపు రేకు ఉంటుంది. రిపేరు బల్లల మీద ఆ పట్టీని స్ట్రిప్ అనీ, ఫ్లెక్స్ అనీ అంటారు. రేకు కిందికి వంగి అడుగునున్న రాగి చుక్కను తాకినప్పుడే బటన్ నొక్కినట్టు లెక్క. చెమట, వాననీరు, మేకప్ పౌడరు, చొక్కా జేబులోని నూగు ఆ సందులోకి చేరితే రాగి మీద పచ్చని చిలుము పడుతుంది. తేమలో ఆ చిలుమే కరెంటును పారనిస్తుంది, ఎవరూ నొక్కకుండానే రేకు నొక్కినట్టవుతుంది. సముద్రగాలి తగిలే చెన్నై వైపు వానాకాలంలో ఈ పని రిపేరువాళ్లకు కొత్త కాదు. వెనక ప్యానెల్‌ను వేడిచేసి తీసి, ఐపీఏ అని పిలుచుకునే ఆల్కహాల్‌లో ముంచిన బ్రష్‌తో తుడిచి, ఆరబెట్టి చూస్తారు. లొంగకపోతే స్ట్రిప్ మారుస్తారు. ఫోన్ ఖరీదుతో పోలిస్తే ఆ స్ట్రిప్ ధర చాలా తక్కువ.

ఈ స్ట్రిప్‌ల బజారు కడంబత్తూరు నుంచి లోకల్ రైలంత దూరం. చెన్నై సెంట్రల్ పక్కన దిగి కాస్త దూరం పోతే రిచీ స్ట్రీట్. రేడియో విడిభాగాల దుకాణాలతో పేరు తెచ్చుకున్న ఆ వీధి టీవీలు, కంప్యూటర్లు, మొబైళ్లు వచ్చినకొద్దీ రూపం మార్చుకుంటూ వచ్చింది. హైదరాబాద్‌లో ఆ స్థానం అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌ది. చిన్న పట్టణాల రిపేరువాళ్లు విడిభాగాలతో పాటు విద్య కూడా ఇలాంటి చోట్ల నుంచే మోసుకెళ్లారు. నోకియా కాలంలో యూఎఫ్‌ఎస్, జాఫ్ అన్న పెట్టెలతో చచ్చిన ఫోన్లకు ఫ్లాష్ కొట్టడం నేర్చిన చేతులే ఆండ్రాయిడ్‌నూ పట్టాయి. బడిలో దొరకని చదువును ఒకరి పక్కన ఒకరు కూర్చుని నేర్చుకున్న ఈ వృత్తికి దక్కాల్సిన గౌరవం ఇంకా దక్కలేదు. దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు కోసం కమిటీ వేసింది 2022లో మాత్రమే.

అయితే ఆ పాత విద్యతో పాటు ఫార్మాట్ కొట్టే అలవాటూ వచ్చింది. సేఫ్ మోడ్‌లో ఇరుక్కున్న ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఫోటోలు, వాట్సాప్ మాటలు, నంబర్లు పోతాయి. బటన్ మాత్రం ఇరుక్కునే ఉంటుంది, తుడిచేసిన ఫోన్ మళ్లీ సేఫ్ మోడ్‌లోనే లేస్తుంది. దీనికి తోడు 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.1 నుంచి దొంగల బెడద తగ్గించడానికి ఇంకో కట్టుదిట్టం చేరింది. సెట్టింగ్స్ నుంచి కాకుండా బటన్లతో రికవరీలోకి వెళ్లి తుడిచేస్తే, అంతకుముందు ఆ ఫోన్‌లో ఉన్న గూగుల్ ఖాతా పేరు, పాస్‌వర్డ్ ఇచ్చేదాకా అది తెరుచుకోదు. ఊళ్లలో చాలా ఫోన్లకు ఆ ఖాతాను కొన్న రోజున దుకాణంలో కుర్రాడో, మనవడో పెట్టి ఉంటారు. ఆ పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. రెండు నిమిషాల రీస్టార్ట్‌తో తీరాల్సిన పని, తన ఫోన్ తనదని రుజువు చేసుకోవాల్సిన చిక్కుగా మారుతుంది.

బ్యాటరీ తీసి పెట్టే వైద్యం కూడా ఇదే కాలంలో మూలపడింది. 2015లో గెలాక్సీ ఎస్6తో సామ్‌సంగ్ ఖరీదైన ఫోన్లు కూడా అతికించిన వీపుతో వచ్చాయి, కొద్ది ఏళ్లలో ఊడే మూత ఉన్న స్మార్ట్‌ఫోన్ అరుదైపోయింది. బదులుగా బటన్లను పదిసెకన్ల పాటు నొక్కి పట్టుకుని బలవంతంగా రీస్టార్ట్ చేయడం వచ్చింది. ఇందులో ఒక మెలిక ఉంది. సామ్‌సంగ్ ఫోన్లలో అందుకు వాడేది పవర్, వాల్యూమ్ తగ్గించే బటన్ల జోడీ. కంపెనీ పేరు తెర మీద కనిపించగానే రెండు వేళ్లూ తీసేయాలి. కంగారులో వాల్యూమ్ బటన్‌ను అలాగే నొక్కి ఉంచితే, బయటపడటానికి చేసిన ప్రయత్నమే మళ్లీ లోపలికి తోస్తుంది. ఇక ఇటీవలి ఫోన్లలో పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే పవర్ పెట్టెకు బదులు గొంతుతో మాట్లాడే సహాయకుడు వస్తున్నాడు. అలాంటి వాటిలో కొన్నిట్లో పవర్‌తో పాటు వాల్యూమ్ పెంచే బటన్, సామ్‌సంగ్‌లోనైతే తగ్గించే బటన్ నొక్కాలి, లేదా తెరను పైనుంచి రెండుసార్లు లాగి పవర్ గుర్తును తాకాలి.

2016 ఈ చరిత్రలో పెద్ద మలుపు. ఆ ఏడాది యూపీఐ మొదలైంది, సెప్టెంబరులో జియో వచ్చింది. స్టేషను ముందు పూలమ్మే మనిషి చేతిలోకీ స్మార్ట్‌ఫోన్ చేరింది. డబ్బు పుచ్చుకునే పెట్టె, బ్యాంకు పుస్తకం, ఫోన్ మూడూ ఒకటే అయ్యాయి. అంతకుముందు సేఫ్ మోడ్ అంటే ఆటలు ఆడలేకపోవడం. ఇప్పుడు ఎక్కించుకున్న పేమెంట్ యాప్ తెరుచుకోకపోతే ఆ పూట బేరం నిలిచిపోతుంది. 2014లో ఆండ్రాయిడ్ 5తో తెలుగు, తమిళం ఫోన్ భాషల జాబితాలో చేరడం వల్ల మూలనున్న ఆ మాటలనైనా సొంత లిపిలో చదువుకునే వీలు చిక్కింది. అది చిన్న మేలు కాదు.

సేఫ్ మోడ్ నిజంగా ఆదుకున్న సందర్భాలూ ఉన్నాయి. 2014లో బయటపడ్డ కోలర్ అన్న దొంగ యాప్, పోలీసుల పేరుతో ఒక బెదిరింపు పేజీని తెర మీద పరిచి, డబ్బు కడితేగాని కదలనిచ్చేది కాదు. ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో లేపితే ఆ పేజీ నోరు మూసుకునేది, సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని తీసేయగలిగేవారు. ఇటీవల పెళ్లిపత్రిక అనీ, ట్రాఫిక్ చలానా అనీ, పీఎం కిసాన్ అనీ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లది ఇదే జాతి. ఒకసారి ఎక్కాక ఓటీపీలు చదువుతాయి, తీసేయబోతే అడ్డుపడతాయి. ఇంటర్నెట్ ఆపి, సేఫ్ మోడ్‌లో లేపి, డివైజ్ అడ్మిన్ జాబితాలో దానికిచ్చిన అనుమతి వెనక్కి తీసుకుని, ఆ తర్వాత అన్ఇన్‌స్టాల్ చేయడం దాని విరుగుడు. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల ఫిర్యాదుల 1930 నంబరుకు ఫోన్ చేయాలి, అది వేరే ఫోన్ నుంచి.

తాళాలను తప్పించుకోవడానికి ఇదే తలుపును వాడుకున్నవాళ్లూ ఉన్నారు. గ్యాలరీకి, మెసేజ్‌లకు తాళం వేసే బయటి యాప్‌లు సేఫ్ మోడ్‌లో నిద్రపోతాయి, తాళం ఉండదు. పిల్లల ఫోన్లకు తల్లిదండ్రులు పెట్టిన కొన్ని నియంత్రణలూ అంతే. అందుకే 2015లో ఆండ్రాయిడ్ 6తో, ఫోన్‌ను నిర్వహించే సంస్థ సేఫ్ మోడ్‌ను మూసేయగల వీలు కల్పించారు. ఆఫీసులు ఇచ్చే ఫోన్లలో సేఫ్ మోడ్ కనిపించకపోవడానికి అదొక కారణం.

ఐఫోన్ వాడేవాళ్లకు ఈ దారి లేదు. అది లేకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో తెలుగు అక్షరమే చూపించింది. జ్ఞ అనే ఒత్తక్షరంలో కంటికి కనబడని ఒక గుర్తు కలిసిన రూపం మెసేజ్‌లో వస్తే, ఆనాటి ఐఓఎస్ దాన్ని తెర మీద గీయలేక యాప్‌తో సహా కూలిపోయేది. అదే నోటిఫికేషన్‌గా వస్తే ఫోన్ లేచిన ప్రతిసారీ మళ్లీ పడిపోయేది. సందేశాన్ని చెరిపేయడానికి ముందు యాప్ తెరవాలి, యాప్ తెరిస్తే కూలుతుంది. ఫిబ్రవరి 19న 11.2.6 సవరణ విడుదల చేసి యాపిల్ దాన్ని సరిదిద్దింది. కోట్లమంది రోజూ రాసే లిపిని సరిగా గీయలేకపోవడం వల్ల వచ్చిన చిక్కు అది. ఆ తర్వాత అదే ఐఫోన్ తెలుగువాళ్లకు పొరుగునే తయారైంది. 2019లో శ్రీపెరుంబుదూరు వద్ద ఫాక్స్‌కాన్ ఐఫోన్ ఎక్స్ఆర్‌తో పని మొదలుపెట్టింది. మూతపడ్డ నోకియా ఆవరణలో సాల్‌కాంప్ చార్జర్ల తయారీ చేపట్టింది.

కంప్యూటర్ల సేఫ్ మోడ్ పాతబడిపోయిందనుకున్న వేళ, 2024 జులై 19న అది మళ్లీ వార్తల్లోకెక్కింది. క్రౌడ్‌స్ట్రైక్ అన్న భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు ఫైలుతో ప్రపంచమంతటా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలిరంగు తెరతో నిలిచిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. ఒక్కొక్క కంప్యూటర్ దగ్గరికీ మనిషి వెళ్లి, సేఫ్ మోడ్‌లో లేపి, ఆ ఫైలును తీసేయడమే ఆనాడు సంస్థలకు చెప్పిన ప్రధాన పరిష్కారం.

ఫోన్ విషయంలో బయటపడే క్రమం ఇన్నేళ్ల అనుభవంలో స్థిరపడింది. మొదట మామూలు రీస్టార్ట్. కుదరకపోతే పౌచ్ తీసి, వాల్యూమ్ బటన్ చుట్టూ పొడి బ్రష్‌తో దులిపి, దాన్ని నాలుగైదుసార్లు నొక్కి వదిలి, వేళ్లు పక్కకు పెట్టి మళ్లీ రీస్టార్ట్. అప్పటికీ మొండికేస్తే స్ట్రిప్ చూపించుకోవడానికి దుకాణం. సేఫ్ మోడ్‌లో ఉన్నప్పుడు కూడా యూఎస్‌బీ వైరుతో ఫోటోలను కంప్యూటర్‌లోకి దించుకోవచ్చు. ఫోన్‌ను ఎవరి చేతికి ఇచ్చేముందైనా ఆ పని చేసుకోవాలి, ఫార్మాట్ చేయవద్దని నోటితో చెప్పి మరీ ఇవ్వాలి.